పెదవి చిమచిమలాడిన పూటే మందు వేసుకోవాలి

పెదవి అంచున, చర్మం రంగు మారే గీత మీద, ఒకే ఒక్క చోట చిమచిమ మొదలవుతుంది. అద్దంలో చూస్తే ఏమీ కనపడదు. వేలితో తడిమితే కొంచెం గట్టిగా, ఉబ్బినట్టు తగులుతుంది, నాలుక ఊరికే అక్కడికే పోతుంటుంది. కొందరికి దురద, కొందరికి మంట, కొందరికి సూదితో సన్నగా గుచ్చినట్టు ఉంటుంది. పెదవి మీద జ్వరం పొక్కులు తరచుగా వచ్చేవాళ్ళకి ఇదంతా నేను చెప్పక్కర్లేదు, వాళ్ళకి అద్దం చూడకముందే తెలిసిపోతుంది. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. మందు బాగా పనిచేసేది ఆ పూటే. మనలో ఎక్కువమంది ఆ పూట మజ్జిగ తాగి పడుకుంటాం, మర్నాడు పొక్కులు చూసి "వేడి చేసింది" అనుకుంటాం, మూడో రోజు అవి పగిలి రసి కారుతుంటే అప్పుడు మెడికల్ షాపుకి వెళ్తాం. అప్పటికి వైరస్ తన పని చాలావరకు కానిచ్చేసి ఉంటుంది.

నాకు ఇది చిన్నప్పటి నుంచీ ఉంది. కింది పెదవికి ఎడమ పక్కన, ఎప్పుడొచ్చినా ఇంచుమించు అదే చోట. జ్వరం దిగుతున్న రోజుల్లో వచ్చేది. "పెదవి పేలింది, ఇంక జ్వరం పోయినట్టే" అనేది మా అమ్మమ్మ, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకునేవాళ్ళు. అందుకే దీన్ని జబ్బుగా ఎవరూ లెక్కపెట్టలేదు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది దానంతట అదే తగ్గిపోయేదే, భయపడాల్సింది కాదు. కానీ ఆ వారం పది రోజులు తినలేక, నవ్వలేక, నలుగురిలోకి వెళ్ళలేక పడే అవస్థని కొంతైనా తగ్గించుకునే వీలు ఉన్నప్పుడు ఎందుకు పడాలి అనేది నా బాధ. ఇంట్లో పసిబిడ్డ ఉంటే అసలు తేలిగ్గా తీసుకోకూడదనేది ఇంకో బాధ, దాని గురించి కింద చెప్తాను.

ఎలా గుర్తుపట్టాలో ముందు చూద్దాం. చిమచిమ మొదలయ్యాక కొన్ని గంటల నుంచి ఒక రోజు లోపల, కొందరికి రెండు రోజులకి, ఆ చోటు ఎర్రబడి ఆవగింజంత పొక్కులు గుంపుగా లేస్తాయి. విడివిడిగా కాదు, గుంపుగా లేవడమే దీని గుర్తు. లోపల తేటనీరు ఉంటుంది, చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే వెలుతురులో మెరుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పగులుతాయి, పచ్చిపుండు బయటపడుతుంది. నొప్పి బాగా ఉండేదీ, ఇంకొకరికి తేలిగ్గా అంటుకునేదీ ఈ దశలోనే. ఆ రోజుల్లో ఆవకాయ అన్నం ముద్ద పెదవికి తగిలితే కళ్ళల్లోంచి నీళ్ళు వస్తాయి. తర్వాత పసుపు కలిసిన గోధుమరంగు చెక్కు కడుతుంది, ఆవలించినప్పుడల్లా అది చిట్లి రక్తం వస్తుంది, మళ్ళీ కడుతుంది. మొత్తం వారం నుంచి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. గిల్లకుండా ఉంటే మచ్చ కూడా మిగలదు.

ఇక వేడి సంగతి. మన ఇళ్ళల్లో ఒంటి మీద ఏది లేచినా వేడే. మామిడిపళ్ళు ఎక్కువ తిన్నావు, కోడికూర తిన్నావు, నీళ్ళు తాగట్లేదు, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు. తాగితే నష్టమేమీ లేదు, ఎండాకాలం మంచిదే. కానీ ఈ పొక్కులకి కారణం తిండి కాదు, హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్. అందులో 1వ రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నాటి అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వాళ్ళలో 67 శాతం మందికి, అంటే దాదాపు 370 కోట్ల మందికి ఈ వైరస్ ఉంది. చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. చిన్నప్పుడు ఎవరో ఒకరి ముద్దుతో వస్తుంది, ఆ తర్వాత ముఖానికి స్పర్శ తెలిపే నరం వెంట లోపలికి పోయి, పుర్రె అడుగున ఆ నరానికి ఉండే ముడిలో చేరి అక్కడే నిద్రపోతుంది. జన్మంతా అక్కడే. ఏదైనా కదిలిస్తే అదే నరం వెంట దిగి పెదవి దగ్గరికి వస్తుంది, ఎప్పుడూ ఒకే చోట రావడానికి కారణం అదే.

దాన్ని కదిలించేవి ఏమిటంటే, జ్వరం, జలుబు, నిద్ర లేకపోవడం, పరీక్షలప్పుడో ఆఫీసు పనిలోనో పడే టెన్షన్, కొందరు ఆడవాళ్ళకి నెలసరి, పన్ను పీకించుకున్నప్పుడు పెదవి సాగి గాయం కావడం, ఇంకా ఎండ. ఎండ దగ్గర మాత్రం మన పెద్దవాళ్ళ మాటకి దగ్గరగా వచ్చాం, కానీ పని చేసేది ఒంట్లో వేడి కాదు, ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు నేరుగా పెదవి మీద పడటం. మజ్జిగ తాగినంత మాత్రాన అది ఆగదు. పెదవిని ఎండ నుంచి కాపాడితే చాలామందికి ఆగుతుంది. మే నెలలో బైకు మీద తిరిగేవాళ్ళు, పొలంలో పనిచేసేవాళ్ళు, కొండ ప్రాంతాలకి యాత్రకి వెళ్ళేవాళ్ళు ఎస్‌పీఎఫ్ 30 అని రాసి ఉన్న లిప్ బామ్ దగ్గర పెట్టుకుని రెండు గంటలకోసారి రాసుకోవాలి, కండువానో స్కార్ఫో పెదవులు కప్పేలా కట్టుకోవాలి. ఎండకి పేలే బాపతు అయితే ఇంతకంటే చవకైన మందు లేదు.

పెదవి దగ్గర లేచిందల్లా ఇదే అనుకోవడమూ పొరపాటే. నోటి లోపల, బుగ్గకి లోపలి వైపో నాలుక కిందో, తెల్లగా గుంట పడి చుట్టూ ఎర్రగా ఉంటే అది నోటిపూత. ఎవరికీ అంటుకోదు, దానికి వైరస్ మందు అక్కర్లేదు. మూతి మూలల్లో రెండు పక్కలా చర్మం చిట్లి తెల్లగా నానినట్టు ఉంటే అది వేరే, ఐరన్, బి విటమిన్లు తక్కువైనా, అక్కడ ఫంగస్ చేరినా, పళ్ళసెట్టు సరిగ్గా కూర్చోకపోయినా వస్తుంది. చిన్నపిల్లలకి ముక్కు కిందా నోటి చుట్టూ తేనె ఎండినట్టు పసుపు చెక్కు కట్టి పక్కపక్కకి పాకుతుంటే అది బ్యాక్టీరియా పని, దానికి యాంటీబయోటిక్ కావాలి. ఇక సర్పి అని మనం అనేది ఒంటికి ఒక పక్కనే పట్టీలా లేచి విపరీతంగా నొప్పిపెట్టేది, దాని వైరస్ వేరు, అది చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ తాలూకు వైరస్. మందుల పేర్లు కలుస్తాయి కానీ మోతాదు కలవదు. తేడా తెలియకపోతే చర్మం డాక్టరుకి చూపించండి, వాళ్ళు చూడగానే చెప్తారు, మామూలుగా రక్తపరీక్ష కూడా అక్కర్లేదు.

మొదటిసారి వచ్చే చిన్నపిల్లల గురించి ఒక మాట. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో చాలామందికి ఏమీ తెలియకుండా పోతుంది. కొందరికి మాత్రం గట్టిగా జ్వరం, చిగుళ్ళు ఎర్రగా వాచి రక్తం, నోరంతా పుండ్లు, చొంగ కారడం, ఏదీ మింగకపోవడం ఉంటాయి. మాటరాని పిల్లలైతే ఏడుపు తప్ప ఇంకేమీ చెప్పలేరు, పెద్దవాళ్ళు పళ్ళు వస్తున్నాయేమో అనుకుంటారు. పుండ్ల కంటే ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడమే ఎక్కువ ప్రమాదం. చల్లటి పాలు, పల్చటి మజ్జిగ, ఓఆర్ఎస్ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టిస్తూ, పిల్లల డాక్టరు దగ్గరికి మొదటి మూడు రోజుల్లోనే తీసుకెళ్తే మందు సిరప్ వల్ల లాభం ఉంటుంది.

ఇప్పుడు మందు. మెడికల్ షాపులో అడిగితే ఎక్కువగా ఇచ్చేది ఎసైక్లోవిర్ 5 శాతం క్రీము. రోజుకి అయిదుసార్లు, అంటే మెలకువగా ఉన్నంతసేపు నాలుగు గంటలకోసారి, నాలుగైదు రోజులు రాయాలి. చిమచిమ దశలో మొదలుపెడితే పుండు మానే సమయం సగం రోజు నుంచి ఒక రోజు దాకా తగ్గుతుంది. అంతే. చెక్కు కట్టాక రాస్తే దాదాపు ఏమీ ఉండదు, ట్యూబుకి పెట్టిన డబ్బులు దండగ. బిళ్ళలు ఇంకొంచెం నయం, పైగా తేలిక. మా చర్మం డాక్టరు నాకు రాసిచ్చింది వాలాసైక్లోవిర్ (ఒంట్లోకి వెళ్ళాక ఎసైక్లోవిర్‌గా మారే బిళ్ళ), చిమచిమ తెలియగానే 2 గ్రాములు, 12 గంటల తర్వాత మరో 2 గ్రాములు, ఆ ఒక్క రోజుతో సరి. అది రాసి, "ఈ చీటీ పట్టుకెళ్ళి ఇప్పుడే కొని ఇంట్లో పెట్టుకోండమ్మా, పొక్కు లేచాక నా అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే లాభం లేదు" అంది ఆవిడ. ఇంత పనికొచ్చే సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. అప్పటి నుంచి ఒక్కోసారి పొక్కు లేవకుండానే పోతుంది, లేచినా చిన్నదిగా లేచి త్వరగా ఎండుతుంది. అందరికీ అలాగే అవుతుందని కాదు, సగటున ఒక రోజు తగ్గుతుందనే చెప్తారు, కానీ పెళ్ళి ముందు రోజుకి ఎండిపోవడానికీ, పీటల మీద కూర్చున్నప్పుడు రసి కారడానికీ మధ్య తేడా ఆ ఒక్క రోజే కావచ్చు.

ఇవి డాక్టరు చీటీ మీద తీసుకోవాల్సిన మందులు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి మోతాదు తగ్గించాలి, గర్భిణులు, వేరే మందులు వాడేవాళ్ళు అడగకుండా వేసుకోకూడదు. నా మోతాదు చదివి మీరు వేసుకోవద్దు, ఇది చదివి మీ డాక్టరుని ముందే అడిగి పెట్టుకోండి.

ముందే ఎందుకు అంటే, ఎసైక్లోవిర్ వైరస్‌ని చంపేసే మందు కాదు, వైరస్ తనని తాను కాపీ చేసుకోకుండా అడ్డుపడే మందు. అందులోని తెలివి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అది ఒంట్లో ఊరికే తిరుగుతుంటుంది, వైరస్ చేరిన కణంలోకి వెళ్ళినప్పుడు మాత్రం వైరస్ సొంత ఎంజైమే దాన్ని నిద్రలేపుతుంది, అందుకే మంచి కణాలని దాదాపు ముట్టుకోదు. వైరస్ జోరుగా కాపీలు చేసుకునేది మొదటి ఒకటి రెండు రోజులే. ఆ తర్వాత మనం చూసేది అది చేసిపోయిన గాయం, గాయానికి ఈ మందు పనిచెయ్యదు. ఈ మందు వచ్చింది అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్ నడిపిన పరిశోధన నుంచి, ఆవిడకి 1988లో వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆవిడతో పాటు ఆ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్, మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో పనిచేస్తున్న రోజుల్లో అక్కడే చదువుకున్నాడు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఈ బిళ్ళ మీద నాకు ఇంకొంచెం అభిమానం.

షాపులో జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటుంది. "పెదవి మీద పుండు లేచింది, ఏదైనా క్రీము ఇవ్వండి" అని అడిగితే, ఒకసారి మా వీధి చివరి షాపులో కుర్రాడు దురదలకీ తామరకీ అందరికీ ఇచ్చే ట్యూబే చేతిలో పెట్టాడు. వెనక సన్నటి అక్షరాల్లో స్టెరాయిడ్ పేరు, ఫంగస్ మందు పేరు, యాంటీబయోటిక్ పేరు వరసగా ఉన్నాయి, వైరస్ మందు ఒక్కటి లేదు. ఇలాంటివి మన దగ్గర అన్నిటికీ వాడేస్తుంటారు. స్టెరాయిడ్ ఒక్కటే రాస్తే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, అక్కడ రోగనిరోధక శక్తి తగ్గి వైరస్‌కి దారి ఇచ్చినట్టవుతుంది. ట్యూబు వెనక్కి తిప్పి "సైక్లోవిర్" అనే ముక్క ఉందో లేదో చూసుకుని తీసుకోండి. యాంటీబయోటిక్ బిళ్ళలు కూడా వైరస్ మీద పనిచెయ్యవు.

ఇంట్లో చేసుకోదగ్గవి ఉన్నాయి. శుభ్రమైన గుడ్డలో ఐసు చుట్టి కాసేపు పెట్టుకుంటే మంట, వాపు తగ్గుతాయి. నొప్పికి పారాసెటమాల్ చాలు. చెక్కు ఎండి చిట్లకుండా పెట్రోలియం జెల్లీ దూది పుల్లతో రాయండి, ట్యూబు మూతినో డబ్బాలో వేలినో పెట్టి కాదు. పులుపు, ఉప్పు, కారం నాలుగు రోజులు తగ్గించి పెరుగన్నం తినండి. సున్నం, టూత్‌పేస్ట్, నిమ్మరసం మాత్రం వద్దు, అవి పెదవి చర్మాన్ని కాల్చి పుండుని పెద్దది చేస్తాయి. పొక్కుని పిన్నుతో పొడిచి నీళ్ళు తీసేస్తే త్వరగా ఎండుతుందని చెప్పేవాళ్ళుంటారు, ఆ నీటి నిండా ఉండేది వైరసే, పొడిచిన వేలితో ఇంకో చోటికి మోసుకెళ్తాం.

అంటుకోవడం గురించి మన పెద్దవాళ్ళు ఎంగిలి అని పెట్టిన కట్టుబాటు ఇక్కడ బాగా పనికొస్తుంది. గ్లాసు ఎత్తి తాగడం, ఒకరి చెంచా ఇంకొకరు వాడకపోవడం, ఎవరి తువ్వాలు వాళ్ళకే. లిప్‌స్టిక్, లిప్ బామ్ అసలు పంచుకోకూడదు. పెళ్ళిళ్ళలో ఒకే బ్రష్షుతో అందరి పెదవులకీ రంగు వేస్తుంటే "నాది నేను వేసుకుంటాను" అని మొహమాటం లేకుండా చెప్పండి. పుండు ఉన్నప్పుడు ముద్దులు, నోటితో చేసే శృంగారం రెండూ వద్దు, ఈ వైరస్ కిందికి కూడా అంటుకుంటుంది. మందు రాసినా, పొరపాటున తాకినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పొక్కు కనపడని రోజుల్లో కూడా కొంచెం కొంచెం వైరస్ లాలాజలంలోకి వస్తుంటుంది, కాబట్టి పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు. పుండు పచ్చిగా ఉన్న రోజులు జాగ్రత్తపడితే చాలావరకు ఆపగలం.

పసిబిడ్డల దగ్గర మాత్రం చాలావరకు అనే మాట చాలదు. మొదటి నాలుగు వారాల బిడ్డకి ఈ వైరస్ సోకితే మెదడుకీ కాలేయానికీ పాకి ప్రాణం మీదికి రావచ్చు. అరుదే, కానీ వస్తే చాలా ఘోరం. మన బారసాల సరిగ్గా ఆ నాలుగు వారాల్లోనే పడుతుంది, పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో, చుట్టాలందరూ వచ్చి ఒకరి చేతుల్లోంచి ఒకరు బిడ్డని తీసుకుని ముద్దులు పెడతారు. మా చెల్లి కొడుకు బారసాలకి మా పిన్ని వచ్చింది, పై పెదవి మీద ఇంకా చెక్కు రాలని పుండు. ఉయ్యాల దగ్గరికి వంగుతుంటే నేను భుజం పట్టుకుని, "పిన్నీ, చేతులు కడుక్కుని ఎత్తుకో, ముద్దు మాత్రం పెట్టకు, నీ పెదవి మీదున్నది వాడికి అంటుకుంటే ప్రమాదం" అన్నాను. "నా చేతుల మీద పెరిగినదానివి, నాకే చెప్తున్నావా" అని ఆవిడ మొహం చిన్నబోయింది. మా అమ్మ వచ్చి, "అది చెప్పింది నిజమేనే, నెల దాటి నీ పుండు మానాక తనివితీరా ముద్దాడుకుందువుగాని" అని సర్దిచెప్పింది. పిన్ని కాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది, తర్వాత మాస్కు అడిగి కట్టుకుని వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఎవరో ఒకరు నొచ్చుకుంటారని ఆగిపోకండి. తల్లికే పెదవి మీద పుండు లేస్తే పాలు మానెయ్యక్కర్లేదు, చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని ఇవ్వచ్చు, రొమ్ము మీద పొక్కు ఉంటే మాత్రం ఆ వైపు ఇవ్వకుండా డాక్టరుని అడగాలి. నెలలోపు బిడ్డకి పాలు పట్టకపోయినా, మగతగా పడి ఉన్నా, జ్వరం వచ్చినా, ఒంటి మీద నీటిపొక్కు ఒక్కటి కనపడినా, తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి, అక్కడ ఎసైక్లోవిర్‌నే నరానికి ఎక్కిస్తారు.

హెర్పిస్ అనే పేరు చూసి బెంబేలెత్తిపోయేవాళ్ళకి ఒక మాట. పెళ్ళయిన కొత్తలో పొక్కు లేస్తే, ఫోన్‌లో వెతికి, ఆ పేరు కింద రాసినవన్నీ చదివి, భార్య భర్తనీ భర్త భార్యనీ అనుమానించిన ఇళ్ళు నాకు తెలుసు. పెదవి మీద వచ్చే ఈ పొక్కుకి చాలాసార్లు మూలం మూడేళ్ళ వయసులో నాయనమ్మ పెట్టిన ముద్దు. ఎన్నో ఏళ్ళు కిమ్మనకుండా ఉండి మొదటిసారి ఇరవై ఎనిమిదో ఏట బయటపడవచ్చు. ఇప్పుడు పొక్కు లేచిందంటే ఇప్పుడు ఎవరి దగ్గర్నుంచో వచ్చిందని అర్థం కాదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు, కాబట్టి ఆ పేరుతో కాపురాల్లో గొడవలు పెట్టుకోకండి.

ఏడాదికి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ వస్తుంటే రోజూ తక్కువ మోతాదులో కొన్ని నెలలపాటు వేసుకునే పద్ధతి ఉంది, డాక్టరుని అడగండి. రెండు వారాలు దాటినా మానకపోతే, నోరంతా పాకితే, షుగరు అదుపులో లేకపోయినా, కీమో తీసుకుంటున్నా, అవయవమార్పిడి మందులు వాడుతున్నా, హెచ్‌ఐవీ ఉన్నా ఇంటివైద్యంతో ఆగకూడదు. ఒంటి మీద ఎగ్జిమా ఉన్న పిల్లలకి ఈ వైరస్ ఆ మచ్చల మీదంతా ఒక్కసారిగా పాకగలదు, అది అదే రోజు చూపించాల్సిన సంగతి. జ్వరంతో పాటు మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, ఫిట్స్ ఉంటే వైరస్ మెదడుకి చేరి ఉండవచ్చు, నేరుగా ఎమర్జెన్సీకి.

ఇంకా కన్ను. పెదవి తాకిన వేలితో కన్ను నులుముకోవడం, లెన్సుని నోట్లో తడిపి పెట్టుకోవడం ఎప్పుడూ చెయ్యకండి. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నీళ్ళు కారుతూ, చూపు మసకగా ఉంటే, అదీ ఒక కంటికే అయితే, షాపులో చుక్కలమందు కొనకండి, వాటిలో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీద పుండు లోతుగా పోయి చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. కంటి డాక్టరు రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తే చెట్టుకొమ్మల్లా చీలిన గీత కనపడుతుంది, అది కనపడితే హెర్పిస్ అని అక్కడికక్కడే అనుమానించి దానికి తగ్గ మందు మొదలుపెడతారు. పెదవి మీద పొక్కులు వచ్చే అలవాటు ఉందని వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి.